పెండ్లి విందులో డి.జె. — ఎప్పుడు, ఎందుకు?

పఠించవలసిన భాగములు: యోహాను 2:1-11, ప్రసంగి 3:1-8, లూకా 14:28-30

ప్రియులారా, పంటలు ఇంటికి చేరిన వెనుక మన పల్లెలలో పెండ్లిండ్లు మొదలగును. ప్రధానము జరిగిన మరునాటినుండియే, "అయ్యగారూ, డి.జె. పెట్టవచ్చునా?" అని పలువురు మమ్మును అడుగుచున్నారు. ఔననియో కాదనియో ఒక్క మాటతో తేల్చుటకంటె, దీనిని వాక్యపు వెలుగులో విచారించుట మేలని తలంచుచున్నాము.

1. అతని పని యేమి?

డి.జె. అనగా డిస్క్ జాకీ. రికార్డులు వేయువాడని ఆ మాటకు మొదటి అర్థము. నేడు అతడు కంప్యూటరులోని పాటలను వరుసగా కలిపి పెద్ద స్పీకర్లలో వినిపించును, మైకులో ప్రకటనలు చేయును. కానా విందులోను విందు ప్రధాని యొకడుండెను. విందు క్రమముగా సాగునట్లు చూచుట అతని పని. అట్టివాడు విందుకు సేవకుడేగాని యజమానుడు కాడు. డి.జె.ని కూడ ఈ కొలతతోనే కొలువవలెను.

2. ఎప్పుడు పిలువవచ్చును?

పలు ఊళ్ల బంధువులు కూడి సాయంకాలము చాలసేపు కలిసియుండు విందైనప్పుడు, స్థలము ఇండ్లకు దూరముగా నున్నప్పుడు, ఖర్చు చేతనున్న సొమ్ములోనే సరిపోవునప్పుడు పిలువవచ్చును. మన యౌవనస్థులు పెద్దల కన్నుల యెదుటనే, మద్యము లేకుండ సంతోషించుట మంచిదే. అయితే వివాహారాధన వేళ ఆ స్పీకర్లు మౌనముగా నుండవలెను. ప్రమాణములు అందరికి వినబడవలెను గదా! యాభైమంది చుట్టములు ఇంటి ముంగిట భోజనము చేయు పెండ్లికి డి.జె. అక్కరలేదు. సంఘపు పాటకులు, హార్మోనియము, డోలకు చాలును. ఊరి డప్పు, సన్నాయి వారిని పిలిచినయెడల ఆ సొమ్ము మన ఊరి ఇండ్లకే చేరును.

3. ఎందుకు పిలువరాదు?

"ఫలానావారు పెట్టిరి, మనము పెట్టకున్న తలవంపు" అను భయముచేత పిలువరాదు. ఈ భయమే తండ్రులను అప్పులపాలు చేయుచున్నది. 30,000 రూపాయలు నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి తెచ్చినయెడల, నెలకు 900, ఏడాదికి 10,800 రూపాయలు వడ్డీయే యగును. పాట ఒక రాత్రి. అప్పు ఏండ్ల తరబడి. కానాలో ద్రాక్షారసము తక్కువైనప్పుడు ప్రభువు ఇంటివారి అవమానమును నెమ్మదిగా కప్పెను. ఆ సంగతి పనివారికే తెలిసెను. ఆయన కాపాడు గౌరవమును మనము వడ్డీకి కొననేల? మగపెండ్లివారు డి.జె. కావలెనని పట్టుపట్టి ఖర్చు ఆడపెండ్లివారిపై మోపుట కట్నమునకు మరియొక పేరే.

4. పొరుగువాని చెవి

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారము లౌడుస్పీకరుకు ముందుగా వ్రాతపూర్వకమైన అనుమతి పొందవలెను. సామాన్యముగా రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వరకు బహిరంగ స్థలములలో దానిని వాడరాదు. నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. చట్టమటుంచి, గోడ యవతల బాలింత, గుండెజబ్బుగల వృద్ధుడు, పరీక్షకు చదువుకొను పిల్లవాడు ఉన్నారు. పొరుగువానిని ప్రేమించుటయందు అతని నిద్రయు చేరియున్నది.

5. ముందుగా తేల్చుకొనవలసినవి

బయానా ఇచ్చునప్పుడే మొత్తము సొమ్ము, ఆరంభించు వేళ, ఆపు వేళ, వేయరాని పాటలు, జనరేటరు ఎవరిదను సంగతి కాగితముమీద వ్రాసికొనుడి. స్తంభపు తీగెలకు కొక్కెము తగిలించి కరెంటు లాగనియ్యకుడి. అది దొంగతనము, ప్రాణాపాయము కూడ. స్పీకర్లయెదుట పసిపిల్లలను నిలువనియ్యకుడి. పనికి వచ్చిన కుర్రవాండ్రకు వేళకు భోజనము పెట్టుడి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు ప్రశ్నలు

(1) మన యింటి పెండ్లి ఖర్చులలో సంతోషము కొరకైనది ఏది, భయము కొరకైనది ఏది?
(2) ఆ రాత్రి మన వీధిలో నిద్ర అవసరమైనవారు ఎవరు? వారితో ముందుగా మాట్లాడితిమా?
(3) విందు ముగిసిన మరునాడు వధూవరులు అప్పు లేకుండ కాపురము మొదలుపెట్టగలరా?

మూడవ ప్రశ్నకు ఔనని చెప్పలేని యింటివారు డి.జె.ని మానుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు. ఆ పెండ్లిలో పాడుటకు సంఘమంతయు వచ్చును.