పాత ఉప్పునీటి చేపల తొట్టిని కొనుట

సముద్రపు చేపలను ఇంట పెంచవలెనను కోరిక చెన్నపట్టణపు పిల్లలకు కలుగుట వింత కాదు. 1909లో మెరీనా తీరముననే సముద్ర జలచరముల ప్రదర్శనశాల యొకటి తెరువబడెను. ఆ శాల నేడు లేదు. ఇప్పటి పిల్లలకు ఆ ముచ్చట తీర్చునవి కొళత్తూరు వీధులలోని చేపల అంగళ్లు. అచట గాజు వెనుక నారింజరంగు క్లౌను చేప తెల్లని పట్టెలతో మెరయుచు ఈదుట చూచిన బాలుడు ఇంటికి వచ్చి ఊరకుండడు. క్రొత్త తొట్టియు, దానికి వలసిన యంత్రములును కొనుట సామాన్య కుటుంబమునకు భారము. అంతలో ఎవరో బదిలీపై ఊరు విడుచుచు, తమ తొట్టిని సామగ్రితో సహా సగము ధరకు ఇత్తుమందురు. ఇచట పిల్లలును తలిదండ్రులును కొంచెము నిదానింపవలెను. (మన తొట్టి తమిళులకును తొట్టియే. మీన్ తొట్టి యని అడిగినచో ఎవరైనను త్రోవ చూపుదురు.)

అమ్మువారు మనకు చూపునవి గాజు, దీపము, పంపు. ఆ బేరములో నిజముగా విలువగలది మాత్రము కంటికి కనబడదు. అదేమో తెలిసికొన్న పిదపనే ధర మాటలాడవలెను.

చేప విడిచెడు వ్యర్థము చాల భాగము మొప్పలనుండి అమోనియా రూపమున నీటిలో చేరును. తినక మిగిలిన మేత క్రుళ్లినను అమోనియాయే పుట్టును. సముద్రములో నిది లెక్కకు రాదు. తొట్టిలోనైతే కొలది దినములలో చేపను చంపును. ఉప్పునీటిలో ఈ ప్రమాదము మరింత హెచ్చు. ఏలయన అమోనియా నీటిలో రెండు రూపములలో నుండును. వానిలో విషమువంటి రూపము, నీటి క్షారగుణము పెరిగినకొలది పెరుగును. సముద్రజలపు పి.హెచ్. విలువ సుమారు 8.2. పి.హెచ్. 7 గల మంచినీటితో పోల్చినచో, అంతే అమోనియాలో విషభాగము ఉప్పునీటియందు పదింతలకు మించి యుండును. మంచినీటి తొట్టిలో తప్పించుకొన్న అశ్రద్ధ ఇచట తప్పించుకొనజాలదు.

ఈ విషమును హరించువారు సూక్ష్మజీవులు. ఒక జాతివి అమోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రైటు కూడ హానికరమే. వేరొక జాతివి దానిని నైట్రేటుగా మార్చును. నైట్రేటు అంతగా బాధింపదు. అప్పుడప్పుడు కొంత నీరు మార్చినచో తగ్గును. 1853లో లండను జంతుప్రదర్శనశాలవారు మత్స్యగృహమును తెరచినప్పుడు, ఆ నీటిని శుద్ధిచేయు పనివారెవరో ఎవరికిని తెలియదు. 1890 ప్రాంతమున రష్యా దేశీయుడగు సెర్గీ వినోగ్రాద్స్కీ మట్టినుండి ఇట్టి సూక్ష్మజీవులను వేరుపరచి వాని పనిని నిరూపించెను. ఇవి నీటిలో తేలుచుండునవి కావు. ఎక్కువభాగము రాళ్లకును, ఇసుకకును, వడపోత పెట్టెలోని స్పంజికిని అంటుకొని యుండును. మిక్కిలి మెల్లగా పెరుగును. క్రొత్త తొట్టిలో అవి చాలినంతగా వృద్ధిపొందుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. ఎండినచో చచ్చును. ప్రాణవాయువు అందకున్నను కొలది గంటలలో క్షీణించును.

కనుక అమ్మువారిని మొదట అడుగవలసినది ఇదియే: ఈ తొట్టి నేడు నడచుచున్నదా, ఆపి యుంచినదా? మేడమీద ఆరు నెలలుగా ఎండుచున్న తొట్టి ఉత్త గాజుపెట్టె మాత్రమే. దానికి గాజుపెట్టె ధరయే ఈయవలెను. నడచుచున్న తొట్టియందు, నెలల తరబడి పెరిగిన సూక్ష్మజీవుల సంపద కలదు. కాని నడచుచున్నదని చెప్పిన మాట చాలదు. నీటి పరీక్షకు కావలసిన చుక్కల మందులు అంగడిలో దొరకును. వానిని వెంటగొనిపోయి అచటనే పరీక్షింపవలెను. అమోనియాయు నైట్రైటును శూన్యమై, నైట్రేటు కొంత కనిపించినచో తొట్టి చక్కగా పనిచేయుచున్నదని యర్థము. మూడును శూన్యమైనచో సంతోషింపరాదు. ముందటి దినముననే నీరంతయు మార్చియుండవచ్చును. ఎప్పుడు మార్చితిరని మర్యాదగా అడుగుడు. చేపలకు మేత వేసి చూపుమనియు అడుగుడు. ఆరోగ్యముగల చేప వెంటనే మేతకై వచ్చును.

ఇక గాజు సంగతి. గాజుపలకలను అతుకునది సిలికోను జిగురు. ఏండ్లు గడచినకొలది దాని అంచులు లేచి, వ్రేలితో లాగినచో పట్టీవలె ఊడివచ్చును. అట్టిదానిని తిరిగి అతికింపక వాడరాదు. మూలలయందు పెచ్చులూడుటయు, పైన అడ్డముగా నుండవలసిన గాజుపట్టీ లేకుండుటయు చెడు గుర్తులు. అంచులపై తెల్లని ఉప్పు గీత కనిపించినచో అది చిమ్మిన నీరు కావచ్చును, కారిన నీరును కావచ్చును. గీత అతుకు వెంట క్రిందుగా నున్నచో కారుటయే. కొన్న తరువాతనైనను, ఆరుబయట సమతలమున థర్మోకోలు పలకపై తొట్టినుంచి, మంచినీటితో నింపి, రెండు దినములు చూడవలెను. అతుకుల క్రింద పొడి వార్తాపత్రికను పరచినచో చిన్న చెమ్మయు దాగదు. లోపలి సున్నపు పొరను వెనిగరుతో తుడిచి కడుగవచ్చును. సబ్బు మాత్రము తాకింపరాదు.

తొట్టి పట్టునంత నీటిని లెక్కించుట మన విద్యార్థులకు కష్టము కాదు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి వేయిచే భాగించినచో లీటర్లు వచ్చును. 90, 45, 45 కొలతలుగల తొట్టి 182 లీటర్లు పట్టును. ఆ ఉప్పునీటి బరువే సుమారు 187 కిలోలు. గాజు, ఇసుక, రాళ్లు కలిపినచో మొత్తము 250 కిలోలకు చేరును. పుస్తకముల బల్లపై దీనిని పెట్టెదమను పిల్లలను తలిదండ్రులు ఆ క్షణముననే వారింపవలెను. అయితే చిన్న తొట్టి మేలని తలచుటయు సరికాదు. నీరు తక్కువైనచో వేడియు, ఉప్పును, విషమును శీఘ్రముగా మారును. ప్రారంభించువారికి నూరు లీటర్లకు తగ్గని తొట్టి క్షేమము.

సామగ్రిలో అమ్మువారు గొప్పగా చెప్పునవి హీటరు, దీపములు. మన పట్టణమునకు హీటరుతో పని తక్కువ. ఇచట వేసవియే శత్రువు. నీరు 30 డిగ్రీలు దాటిన కొలది అందు కరగు ప్రాణవాయువు తగ్గును. నీటిని చల్లబరచు యంత్రముండి, అది పనిచేయుచున్నచో దానికి మంచి ధర ఈయవచ్చును. నురుగుతోపాటు మలినమును పైకి తీయు గొట్టమును అంగడివారు స్కిమ్మరందురు. ఇదియు విలువైనదే, కాని కనీసము అరగంట నడిపించి చూచి కొనవలెను. పంపులన్నిటికిని అంతే. ఉప్పునీరు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయును గనుక, ఉప్పుపట్టిన ప్లగ్గులను, చిలుము పట్టిన తీగలను ఎంత చవుకగా ఇచ్చినను తీసికొనరాదు. ఇంట అమర్చునప్పుడు తీగ ప్లగ్గుకంటె క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవునట్లు ఉంచినచో, కారిన నీటిచుక్క ప్లగ్గు చేరక నేలపై పడును. 2016 డిసెంబరులో వర్ధా తుపాను నాడు ఈ పట్టణమున అనేక వీధులకు విద్యుత్తు నిలిచిపోయిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. అట్టి సమయమునకై బ్యాటరీతో నడచు గాలి పంపు ఒకటి ఇంట నుండవలెను. అది లేనిచో చేపలతోపాటు సూక్ష్మజీవులును నశించును.

మరియొక ప్రశ్నను మరువరాదు. ఈ తొట్టిలో ఎప్పుడైనను రాగి మందు వాడితిరా? చేపల తెల్లమచ్చల వ్యాధికి మైలుతుత్తము వంటి రాగి లవణములను వాడుట కలదు. చేపలు దానిని కొంతవరకు ఓర్చుకొనును. రొయ్యలు, నత్తలు ఓర్వలేవు. సున్నపు రాళ్లును ఇసుకయు రాగిని పీల్చుకొని చాలకాలము కొంచెము కొంచెముగా విడుచుచుండును. అట్టి రాళ్లను ఇసుకను వదలి, గాజును మాత్రమే తీసికొనుట మంచిది.

ఇప్పుడు చెప్పబోవునది ధరకంటె గొప్ప విషయము. విదేశపు పుస్తకములలోను చిత్రములలోను ఉప్పునీటి తొట్టియనగా పగడములతో నిండియుండును. మన దేశమున అది చెల్లదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షిత జాబితాలో 2001లో దిబ్బలు కట్టు పగడములు, సముద్రపు గుఱ్ఱములు, సముద్రపు దోసకాయలనబడు జీవులు, కొన్ని శంఖజాతులు చేర్చబడినవి. వానిని పట్టుట, అమ్ముట, కొనుట నేరము. చచ్చిన పగడపు ముక్కయైనను పగడమే. పాత తొట్టితోపాటు ‘జీవశిల’ యని ఇచ్చునది సామాన్యముగా పగడపు దిబ్బనుండి విరిచిన ముక్కయే. మన్నారు సింధుశాఖలో 21 దీవుల చుట్టునున్న పగడపు దిబ్బలను కాపాడుటకై 1986లో సముద్ర జాతీయవనము ఏర్పడెను. ఒకప్పుడు ఆ దిబ్బలనే సున్నమునకై త్రవ్వి తరలించిరి. తొట్టిలో పగడమున్నచో, మేమది ఎరుగమని అమ్మువారు చెప్పినను, ఆ బేరమును విడిచి రావలసినదే. ‘చవుకగా వచ్చెను గదా’ యని తండ్రి కొడుకు ముందర దానిని స్వీకరించుట మాకు సమ్మతము కాదు. రంధ్రములు గల కాల్చిన మట్టి ముక్కలును, సెరామిక్ వలయములును సూక్ష్మజీవులకు చక్కని నివాసము కాగలవు. పగడములు లేనప్పుడు ఖరీదైన దీపములతోను పని లేదు.

నీటి విషయము. సముద్రజలమున లీటరుకు ఇంచుమించు 35 గ్రాముల లవణములుండును. వానిలో సోడియము, క్లోరైడు కలిసి నూటికి 85 పాళ్లు. మిగిలిన పాళ్లలో మెగ్నీషియము, కాల్షియము, పొటాసియము మొదలగునవి కలవు. అందుచేత వంటయింటి ఉప్పు కలిపిన నీరు సముద్రజలము కానేరదు. తొట్టులకై అమ్ము లవణ మిశ్రమమును కొనవలెను. 180 లీటర్లకు ఆరు కిలోలకు పైగా పట్టును. ఈ వ్యయమును బేరమునకు ముందే లెక్కలో చేర్చుకొనవలెను. తీరమునుండి నీరు తెత్తుమందురేమో! కూవము, అడయారు ముఖద్వారముల చేరువ నీరు మలినము. ఈశాన్య ఋతుపవన కాలమున వాననీరును, ఉత్తరమునుండి దిగివచ్చు పలుచని నీరును కలసి మన తీరపు ఉప్పదనము తగ్గును. హైడ్రోమీటరుతో కొలిచి విశిష్ట గురుత్వము 1.023, 1.026ల నడుమ నుండునట్లు చూడవలెను.

తొట్టినుండి ఆవిరియై పోవునది నీరే, ఉప్పు పోదు. 180 లీటర్లలో 6,300 గ్రాముల ఉప్పు ఉన్నదనుకొందము. 18 లీటర్లు ఆవిరియైనచో మిగిలిన 162 లీటర్లలో లీటరుకు 38.9 గ్రాములగును. లోటును ఉప్పునీటితో పూరించినచో ఉప్పు అంతకంతకు పేరుకొనును. క్లోరిను తొలగించిన మంచినీటితోనే పూరింపవలెను. క్రొత్తవారిలో పెక్కుమంది దీనికి విరుద్ధముగా చేయుదురు.

తొట్టిని తరలించు దినమునకు పెద్దవారి సాయమును, శుభ్రమైన పీపాలును కావలెను. మొదట సగము నీటిని తోడి దాచి, రాళ్లను ఆ నీటిలోనే ముంచి యుంచవలెను. స్పంజిని తడిగా ఉంచి, గాలి పంపుతో గాలి అందజేయవలెను. చేపలను మూతగల బక్కెట్లలో చీకటిగా నుంచినచో బెదరవు. అడుగు ఇసుకను మాత్రము కదలించి అట్లే తేరాదు. పాత ఇసుక లోతులయందు నల్లని పొరలో కుళ్లిన గ్రుడ్డు వాసనగల హైడ్రోజను సల్ఫైడు ఉండును. అది నీటిలో కలిసినచో ఆ రాత్రియే చేపలు చచ్చును. ఇసుకను పారవేసి క్రొత్తది వేయుటయే మేలు. ప్రొద్దున విప్పిన తొట్టి సాయంకాలమునకు మరల నడువవలెను.

ఇంట అమర్చిన తరువాత రెండు వారములు ప్రతిదినము అమోనియాను పరీక్షించి పుస్తకమున వ్రాయుడు. మేత సగమునకు తగ్గింపుడు. అమోనియా కనిపించినచో నాల్గవవంతు నీరు మార్పుడు. ఎండిన తొట్టిని కొన్నవారు చేపలు లేకయే చిటికెడు మేత దినదినము వేసి, అమోనియా పెరిగి తగ్గుటయు, నైట్రైటు పెరిగి తగ్గుటయు గ్రాఫు కాగితముపై గీయవచ్చును. రెండును శూన్యమునకు దిగిన వారము తరువాత మొదటి జత చేపలను తేవచ్చును. అవి నిర్బంధములో పొదిగిన క్లౌను చేపలైనచో మంచిది. వానిని గ్రుడ్డునుండి పెంచు విధానమును కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు మన దేశముననే రూపొందించిరి. అట్టి చేపలు దిబ్బలనుండి పట్టి తెచ్చినవి కావు. తొట్టి మేతకు చిన్ననాటనే అలవాటుపడినవి. మూడవ చేపను ఇంకొక నెల గడచిన పిదప తేవచ్చును.