ఐదో శీలం, ఐదు జాడీలు



పోయిన నెల ఆదివారం తరగతిలో ఐదో శీలం దగ్గర ఆగాం. తాగుడు గురించి మనకు కొత్తగా చెప్పేదేముంది, సారా చేసిన నాశనం కళ్లారా చూసినోళ్లమే కదా అన్నారు పెద్దలు. నిజమే. అందుకే ఈసారి పాఠానికి సారా కొట్టును తీసుకోలేదు. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో ఉంటున్న మా పిన్ని కొడుకు గ్యారేజీని తీసుకున్నాను. వాడిని అడిగే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను.

వాడు తాగుబోతు కాదు. ఉద్యోగం చక్కగా చేసుకుంటాడు, ఏటా ఏప్రిల్ 14న అక్కడ మనవాళ్లు జరిపే జయంతికి చందా ఇస్తాడు, కుర్చీలు కూడా మోస్తాడు. మూడేళ్ల కిందట ఆఫీసు మిత్రుడొకడు ఇంట్లో బీరు చేసుకునే సామాన్ల పెట్టె ఒకటి బహుమతిగా ఇచ్చాడు. అక్కడ అది నేరం కాదు. 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు ఇంట్లో వైన్ చేసుకోడానికి దారి దొరికింది గానీ బీరుకు దొరకలేదు. ఆ తర్వాత నలభై అయిదేళ్లకు అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో అదీ చట్టబద్ధమైంది. సంతకం పడిన రోజు 1978 అక్టోబర్ 14. తారీఖు చూడగానే మీకు నాగపూర్ గుర్తొచ్చి ఉంటుంది. 1956లో అదే తారీఖున బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞలు చేయించారు, మద్యం తాగనన్నది అందులో ఒకటి. కాకతాళీయమే, అందులో అర్థం వెతకక్కర్లేదు. కానీ మా తమ్ముడికి ఈ సంగతి చెబితే ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ పని ఎలా జరుగుతుందో తెలుసుకుందాం. తెలియకుండా తీర్పు చెప్పడం మన పద్ధతి కాదు. బార్లీ గింజల్ని మొలకెత్తించి ఆరబెట్టి పిండిగా కాకుండా బరకగా పగలగొడతారు. దాన్ని 65 నుంచి 68 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు నానబెడితే గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్లను వడగట్టి, హాప్స్ అనే చేదు పువ్వులు వేసి ఇంకో గంట మరిగిస్తారు. గబగబా చల్లార్చి, జాడీలో పోసి, ఈస్ట్ కలుపుతారు. అక్కడినుంచి పని మనిషిది కాదు, ఈస్ట్‌ది. చక్కెరను తింటూ అది మత్తునూ గాలినీ వదులుతుంది. జాడీ మూతికి పెట్టిన గొట్టంలోంచి బుడబుడమని బుడగలొస్తాయి. వారం, పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. మొదట్లో ఆ ద్రవం సాంద్రత 1.050 ఉండి, చివరికి 1.010కి దిగిందంటే మత్తు సుమారు 5 శాతం వచ్చిందని లెక్క. ఇక సీసాల్లో పట్టి, ఒక్కోదానికి కాస్త చక్కెర వేసి, బిగించి, మరో రెండు వారాలు ఆగాలి.

ఒక జాడీ అంటే 19 లీటర్లు. దాదాపు 50 సీసాలు.

ఆ ఆగడం దగ్గరే మొదలైంది. మొదటి జాడీ పులుస్తున్నంతసేపూ చేతులూరుకోలేదు వాడికి. ఇది సీసాల్లోకి పోగానే జాడీ ఖాళీగా ఉంటుందే, రెండోది పెడదాం అనుకున్నాడు. రెండోది పులుస్తుంటే మూడో రకం రుచి ఎలా ఉంటుందోనని ఇంకో జాడీ కొన్నాడు. టెక్సాస్ ఎండకు గ్యారేజీ కాగిపోతుంది, లాగర్ అనే రకానికేమో 10, 12 డిగ్రీల చల్లదనం కావాలి, ఆ తర్వాత సున్నా దగ్గర కొన్ని వారాలు పడుకోబెట్టాలి. దానికోసం పాత ఫ్రీజర్ ఒకటి తెచ్చి వేడిని అదుపుచేసే మీట బిగించాడు. ఫ్రీజర్ కొన్నాక ఒక్క జాడీకి కరెంటు దండగ కదా, ఇంకోటి పెట్టాడు. ఇలా అయిదు. ఏ జాడీలో ఎప్పుడు ఏం వేశాడో, ఏది ఎప్పుడు దించాలో రాసుకోడానికి గోడకు బోర్డు. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే 757 లీటర్ల దాకా చేసుకోనిస్తుంది అక్కడి చట్టం. వాడి జాడీతో 40 సార్లు. ఆ లెక్క చెప్పినప్పుడు వాడి గొంతులో మనం పరీక్షలో మార్కులు చెప్పుకునే ఉత్సాహం వినిపించింది.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్న విషయం వేరే ఉంది. పులవడం అయ్యాక జాడీ అడుగున ఈస్ట్ మడ్డి మిగులుతుంది. దాన్ని పారెయ్యరు. కొత్తగా కాచిన బార్లీ నీళ్లను దాని మీదే పోస్తారు, లేదా ఒక సీసాలోకి తీసి ఫ్రిజ్‌లో దాస్తారు. మన ఆడవాళ్లు రాత్రి పెరుగులోంచి చెంచాడు తీసి పాలల్లో తోడు వేస్తారు చూడండి, అచ్చం అలాగే. నిన్నటిది రేపటిదాన్ని పుట్టిస్తుంది. మొదటి ప్రవచనంలో తథాగతుడు తణ్హను మళ్లీ మళ్లీ పుట్టుకకు కారణమయ్యేదని చెప్పాడు. ఆ మాటను మేం పుస్తకంలో చదివినప్పుడు మరుజన్మ గొడవలోకి పోయి వాదించుకున్నాం. ఈ మడ్డి సంగతి విన్నాక వాదన అక్కర్లేకపోయింది. ఒక కోరిక తీరిపోతూ అడుగున తోడు మిగిల్చిపోతుంది. శనివారం తీరింది, వచ్చే శనివారానికి తోడు ఉంది.

తమ్ముడు తేలిగ్గా ఒప్పుకోలేదు. వాడి వాదన న్యాయంగానే వింటాను: "అన్నా, నేను తాగేది వారానికి రెండు గ్లాసులు. అమ్మను, అమ్మడం చట్టం ఒప్పుకోదు కూడా. మిగతాది మిత్రులకిస్తా. ఈ పనికి ఎంత శ్రద్ధ కావాలో తెలుసా? జాడీ సరిగా కడక్కపోతే మొత్తం చెడుతుంది. రెండు డిగ్రీలు తేడా వస్తే రుచి పోతుంది. నువ్వు చెప్పే ఎరుక ఇదే కదా?"

మొదటిది, తాగేది రెండు గ్లాసులే అన్న మాట. వినయపిటకం సురను అయిదు రకాలుగా చెబుతుంది: పిండితో చేసింది, అప్పాలతో చేసింది, అన్నంతో చేసింది, ఈస్ట్ వేసి పులియబెట్టింది, రకరకాల దినుసులు కలిపింది. మేరయ అంటే పూలు, పళ్లు, తేనె, బెల్లం లాంటివాటితో పులిసింది. బీరు సుర కిందికొస్తుందా అని సందేహం అక్కర్లేదు, నాలుగో రకం అదే. భిక్షువులకు ఆ నియమం ఎలా వచ్చిందో కూడా అక్కడే ఉంది. సాగతుడనే భిక్షువు భయంకరమైన నాగును లొంగదీశాడు. ఆ కీర్తి విని కోశాంబి ఉపాసకులు ప్రేమతో ఇంటింటా మంచి మద్యం సిద్ధం చేసిపెట్టారు. ఆయన ఇంటింటా పుచ్చుకున్నాడు, ఊరి వాకిట్లో పడిపోయాడు. ఈ మనిషి ఇప్పుడు నీటిపామునైనా లొంగదీయగలడా అని తథాగతుడు భిక్షువుల్ని అడిగాడు. ఈ కథ చెప్పేటప్పుడు అందరం సాగతుడినే చూస్తాం. నేను ఆ ఇళ్లను చూడమంటాను. ఏ ఇల్లూ ఆయన్ని పడగొట్టాలనుకోలేదు. ఒక్కో ఇంటివాళ్లు ఇచ్చింది కొంచెమే. వాళ్లూ మా తమ్ముడిలాగా అమ్మలేదు, పంచారు. అయిదు జాడీలు అంటే 250 సీసాలు తమ్ముడూ, నీ రెండు గ్లాసులు పోగా మిగిలింది ఎవరి వాకిట్లో పడుతోంది?

రెండోది శ్రద్ధ. ఇది గట్టి ప్రశ్న, కాదనను. వేటగాడికీ శ్రద్ధ ఉంటుంది, ఊపిరి బిగబట్టి గంటలు కూర్చుంటాడు. అందుకే ధమ్మంలో సమాధికి ముందు సమ్మా అని చేర్చారు, దేనికోసం ఆ ఏకాగ్రత అని అడగడానికి. అదీగాక వాడి శ్రద్ధ జాడీల మీద ఉంది, తన మీద లేదు. పోయిన వేసవిలో బోర్డు మీద తారీఖులు తారుమారయ్యాయి. ఇంకా పులుస్తున్న బీరును అయిపోయిందనుకుని సీసాల్లో బిగించాడు. లోపల గాలి పెరిగి అర్ధరాత్రి ఒకదాని తర్వాత ఒకటి పేలాయి. పొద్దున మా మరదలు గ్యారేజీలో గాజుపెంకులు ఏరుతుంటే రెండేళ్ల పాప చెప్పుల్లేకుండా తలుపు దాకా వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పాళీలో పమాదం అంటే ఏమరుపాటు. మన తెలుగులోని ప్రమాదం కూడా ఆ మాటకు చుట్టమే.

ఇక ఇంట్లో మాట. మా పిన్ని నెల్లూరు జిల్లాలో 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమంలో తిరిగిన మనిషి. అక్షరాస్యత తరగతిలో పలక పట్టిన చేత్తోనే సారా వేలంపాటల్ని అడ్డుకున్న ఆడవాళ్లలో ఆమె ఒకరు. మరుసటేడు అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. అప్పటికి నాకు పది దాటాయి, తమ్ముడు చంకలో ఉన్నాడు. మనూళ్లో బెల్లం ఊట పెడితే ఎక్సైజువాళ్లు కుండ పగలగొట్టి కేసు పెడతారు, పేరు కూడా చెడ్డదే. అక్కడ అదే పులియబెట్టే పనికి స్టీలు పాత్రలు, మంచి పేరు, అభిరుచి అనే గౌరవం. పేదవాడి మత్తును వ్యసనమని, కలిగినవాడి మత్తును కళ అని పిలిచే లోకం మీద నాకు కోపమే. కానీ ఆ కోపం తమ్ముడి జాడీకి మూత కాకూడదు. పిన్నికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. వీడియో కాల్‌లో గ్యారేజీ తలుపు మూసి ఉంచుతారట. శీలం తప్పలేదని అంత నమ్మకం ఉన్నవాడు తలుపెందుకు మూస్తున్నాడని మాత్రం అడిగాను.

మొన్న ఫోన్ చేశాడు. నాలుగు జాడీలు ఖాళీ చేసి కడిగేశాడట. అయిదోది లాగర్, ఫ్రీజర్‌లో ఇంకా మూడు వారాలు పడుకోవాలి. "అది మధ్యలో పారబొయ్యడానికి మనసొప్పట్లేదన్నా" అన్నాడు. సరే అన్నాను. ఈస్ట్ మడ్డి సీసా ఏదిరా అనడిగితే ఫ్రిజ్‌లోనే ఉందన్నాడు, పాప పెరుగు గిన్నె పక్కన. వచ్చే ఆదివారం మన తరగతికి ఫోన్‌లో వస్తానని ఒప్పుకున్నాడు. పిన్నిని కూడా రమ్మన్నాను.