పోయినవారి రిటర్ను - ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మావారు నవంబరులో పోయారు. అప్పటిదాకా జీతంలో టీడీఎస్ పట్టుకున్నారు. రిటర్ను వేస్తే కొంత వెనక్కి వస్తుందట. ఆయన ఫోను, పాస్‌వర్డు నా దగ్గరే ఉన్నాయి. “ఓటీపీ వస్తుంది కదా వదినా, అన్నయ్య పేరు మీదే కొట్టేద్దాం” అంటున్నాడు మా మరిది. సరేననమంటారా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: వద్దమ్మా. ఓటీపీ కొట్టడమంటే సంతకం పెట్టడమే. నవంబరులో పోయిన మనిషి జూలైలో ఎలా సంతకం పెట్టాడని అడిగితే మీ మరిది రాడు, మీరే చెప్పుకోవాలి.

మీ పాన్‌తో ఆదాయపు పన్ను పోర్టల్లోకి వెళ్లి, ‘ఆథరైజ్డ్ పార్ట్‌నర్స్’ కింద రిప్రజెంటేటివ్ అసెసీగా నమోదు చేసుకోండి. ఆయన పాన్, మరణ ధ్రువపత్రం, మీరు వారసురాలని చూపే కాగితం కావాలి. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ సరిపోతుంది. పాన్‌లో ‘వెంకట సుబ్బారావు’, మరణ ధ్రువపత్రంలో ‘వి.ఎస్.రావు’ అని ఉంటే ముందు ఆ తేడా సరిచేయించుకోండి. ఆమోదం వచ్చాక ఆయన రిటర్ను మీరే, మీ లాగిన్ నుంచే వేయొచ్చు. పోయినవారికని గడువు వేరే లేదు. అది దాటితే రూ.5,000 దాకా రుసుము పడొచ్చు.

ఏప్రిల్ 1 నుంచి పోయిన రోజు వరకు వచ్చిందే ఆయన లెక్క. ఆ తర్వాతి డిపాజిట్ల వడ్డీ, అద్దె వారసుల లెక్కలోకి వస్తాయి. బ్యాంకుకు చెప్పకపోతే వడ్డీ ఆయన పాన్ మీదే పడుతూ ఉంటుంది. మీకొచ్చే ఫ్యామిలీ పెన్షన్ మీ ఆదాయం. రిఫండు చేతికందేదాకా ఆయన పాన్ సరెండర్ చేయకండి.

అడగకపోయినా ఒకటి చెబుతాను. మీ అత్తగారు ఉన్నారా? ఇలాంటి ఉత్తరాల్లో మరుదులు, బావగార్లు, ఆడపడుచుల భర్తలు కూడా కనిపిస్తారు గానీ, కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లి ఊసే ఉండదు. వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యాపిల్లలతో పాటు తల్లీ మొదటి తరగతి వారసురాలే. సలహాలిస్తున్న మరిదికి వాటా లేదు, మూలగదిలో మందుబిళ్లలు లెక్కపెట్టుకుంటున్న ఆవిడకు ఉంది. రిఫండు మీ చేతికొచ్చినా అది వారసులందరిదీ. సర్టిఫికెట్ దరఖాస్తులో ఆవిడ పేరు రాశారో లేదో ఈ రోజే చూడండి.

ప్రశ్న: నాన్నగారు పోయాక వచ్చిన జీవిత బీమా సొమ్ముకు పన్ను కట్టాలా?
- గుంటూరు పాఠకుడు

జవాబు: అక్కర్లేదు.

ప్రశ్న: నాన్న పేరున పాత పన్ను బకాయి నోటీసు వచ్చింది. ఆయన మిగిల్చింది రేకుల ఇల్లొక్కటే. నా జీతంలోంచి కట్టాలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆయన ఆస్తి మీకు ఎంత దక్కిందో అంతవరకే మీ బాధ్యత. 1961 ఆదాయపు పన్ను చట్టం 159వ సెక్షన్‌లో ఉన్న మాటే ఇది. అయితే ఆ ఇల్లు అమ్మి పంచేసుకుని చేతులు దులుపుకుంటే ఆ విలువ మేరకు మీ మెడకే చుట్టుకుంటుంది. నోటీసును బీరువాలో పడేయకుండా, మరణ ధ్రువపత్రం జతచేసి గడువులోగా జవాబివ్వండి.