పత్రికా రచన: సీమ విద్యార్థికి ఒక వృత్తిమార్గం

పత్రికా రచనను జీవికగా స్వీకరింపదలచిన కర్నూలు విద్యార్థి మొట్టమొదట తెలుసుకోదగిన పేరు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. 1883లో కర్నూలులో జన్మించిన ఆయన ఎం.ఏ. పట్టభద్రులై, సర్కారు కొలువుకు ప్రాకులాడక బెజవాడలో 'స్వరాజ్య' వారపత్రిక నడిపారు. 1908లో తిరునల్వేలి కాల్పులపై ప్రచురించిన వ్యాసానికి రాజద్రోహ నేరం మోపబడి, మూడేళ్ళ కఠిన శిక్ష అనుభవించారు. ఉర్దూ పత్రికారంగంలో షోయబుల్లాఖాన్ చరిత్ర ఇంతకన్న దారుణమైనది. 'ఇమ్రోజ్' అనగా నేడు అని అర్థం. హైదరాబాదులో ఆ పేరుగల దినపత్రికకు సంపాదకులై, సంస్థానం భారతదేశంలో విలీనం కావాలని వ్రాసినందుకు 1948 ఆగస్టులో, ముప్పై ఏళ్ళు నిండకుండానే, హత్యకు గురయ్యారు.

అయితే ఇట్టి త్యాగధనుల గాథలు మాత్రమే విని ఈ వృత్తిలో అడుగుపెట్టేవారు త్వరలోనే విసుగు చెందుతారు. విలేకరి నిత్యం పోవలసినది చెరసాలకు కాదు, కాలువ గట్టుకు. సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరి కడప దిక్కుగా సాగే కె.సి. కెనాల్‌కు నీరు వదిలారన్నది చూడడానికి చిన్న వార్తయే. కాని ఎన్ని క్యూసెక్కులు, ఏ తేదీ నుండి, చివరి ఆయకట్టుకు చేరేదెన్నడు అన్నవి తప్పుగా అచ్చయితే, దానిని నమ్మి నారు పోసిన రైతు ఆ ఏడు మునిగిపోతాడు. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం, టి.ఎం.సి. అనగా వందకోట్ల ఘనపుటడుగుల నీరు. సుమారు 11,574 క్యూసెక్కులు ఒక దినమంతా పారితే ఒక టి.ఎం.సి. అవుతుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేసే విలేకరులు నేటికీ లేకపోలేదు! 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచెత్తినపుడు ఇట్టి అంకెల విలువ ఏమిటో నగరవాసులకు తెలిసివచ్చింది. కనుక గణితమంటే భయపడి పత్రికా రచన వైపు వచ్చేవారు మరొకసారి ఆలోచించుకొనుట మేలు.

శిక్షణకు అవకాశాలు కొరవడలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954లోనే జర్నలిజం శాఖ ఏర్పడింది. కడపలో 2006లో నెలకొన్న యోగి వేమన విశ్వవిద్యాలయంలోను, ఉర్దూ మాధ్యమంలో అయితే హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోను ఈ విద్య అభ్యసింపవచ్చు. కాని జీతభత్యాల విషయం దాచరాదు. మండల స్థాయి విలేకరులలో పెక్కుమందికి స్థిరమైన నెలజీతం ఉండదు. ప్రకటనలు సేకరించే భారం కూడ వారిపై పడుతుంది. గుర్తింపు కార్డుపై మోజుతో డిగ్రీ మధ్యలో విడిచినవానికి ఆపైన ఉపసంపాదక పదవి అందడం కష్టం.

మన విద్యార్థికి ఇతరులకు లేని ఒక బలం కలదు. పాతబస్తీ వృద్ధురాలి గోడు ఉర్దూలోను, నంద్యాల రైతు మొర తెలుగులోను, దుబాసీ లేకుండా వినగలడు. ఆ బలాన్ని సాధనచేయడానికి ఈ సంచికయే చాలును. ఉర్దూ భాగంలోని ఒక వ్యాసాన్ని తీసుకొని, నూరు మాటలు మించకుండా తెలుగు వార్తగా వ్రాసి, మూలరచయితకే చూపి, ఎక్కడ భావం మారిందో అడుగవలెను. మరునాడు తెలుగు నుండి ఉర్దూలోకి.