యూదు గ్రంథాలకు ఒక అర

ప్రశ్న: మా గ్రంథాలయంలో యూదు మత గ్రంథాలు పెట్టాలనుకుంటున్నాం. ఏవి కొనాలి?
– ఒక పాఠకుడు, బనగానపల్లె

జవాబు: ఇది తెలుగునాట వింత ప్రశ్నేమీ కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం యూదులున్నారు; వారి ప్రార్థనా మందిరం 1991 నాటిది.

ముందు కొనాల్సింది యూదుల బైబిలైన 24 గ్రంథాల తనఖ్. తెలుగు బైబిల్లో పాత నిబంధన ఉందిగా అంటారేమో! అందులో గ్రంథాల వరుస వేరు: అది మలాకీతో ముగిస్తే, తనఖ్ దినవృత్తాంతాలతో ముగుస్తుంది. జ్యూయిష్ పబ్లికేషన్ సొసైటీ వారి 1985 ఇంగ్లీషు అనువాదం నమ్మదగింది. తర్వాత నిత్య ప్రార్థనల సిద్దూర్, పస్కా పండుగ రాత్రి చదివే హగ్గదా.

యూదు ధర్మశాస్త్ర చర్చల సంకలనమైన తాల్ముద్ జోలికి ఇప్పుడే పోవద్దు. బాబిలోనియా తాల్ముద్ 2,711 పత్రాలు. ఆర్ట్‌స్క్రోల్ వారి ఇంగ్లీషు ముద్రణ 73 సంపుటాలు. బీరువా నిండుతుంది, చదివేవారు దొరకరు. సెఫారియా వెబ్‌సైటులో దాని మూలమూ, ఇంగ్లీషు అనువాదమూ ఉచితం. గ్రంథాలయంలో కంప్యూటరుంటే అది చాలు.

ఒక జాగ్రత్త. యూదు గుర్తులు అట్టమీద వేసుకుని క్రైస్తవ ప్రచార పుస్తకాలూ వస్తుంటాయి. అవి చెడ్డవని కాదు, వాటి అర వేరు. ప్రచురణకర్త ఎవరో చూసి, డ్యూయీ వర్గీకరణలో 296 కింద యూదు గ్రంథాలనే ఉంచండి.

హీబ్రూలో దైవనామమున్న పుస్తకం చిరిగిపోతే యూదులు భూమిలో పాతిపెడతారు. దాన్ని పాత కాగితాల కింద అమ్మకండి.