సగం కాలిన నక్షత్రం

కార్తికమాసంలో రాత్రి తొమ్మిది గంటల వేళ శ్రీశైల శిఖరంపై నిలిచిన యాత్రికునికి, నడినెత్తికి కొంత దక్షిణంగా తిమింగిలరాశి ఉంటుంది. 2005లో దీపావళికి కొద్దిరోజుల ముందు ఆ దిశలోనే, సుమారు 18 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన, కంటికి అందని ఒక సూపర్‌నోవా బయటపడింది. దాని పేరు 2005హెచ్‌కె.

శ్వేతకుబ్జ నక్షత్రాల పేలుళ్ల కాంతి ఇంచుమించు ఒకే తీరున ఉంటుందన్న ఆధారంతోనే శాస్త్రజ్ఞులు విశ్వదూరాలను కొలుస్తారు. ఇది మాత్రం ఆ కాంతిలో మూడోవంతే వెదజల్లింది. తెలియక దీనినే కొలబద్దగా గైకొంటే, ఉన్నచోటికి మించిన దూరం లెక్కకు వస్తుంది!

లదాఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర దూరదర్శినితో డి.కె. సాహు, జి.సి. అనుపమ ప్రభృతులు దానిని పరిశీలించారు. పేలుడులో పుట్టిన నికెల్ కోబాల్టుగా, ఆపై ఇనుముగా మారుతూ సూపర్‌నోవాను వెలిగిస్తుంది. కనుక వెలుగు హెచ్చుతగ్గులనుబట్టి నికెల్ పరిమాణాన్ని గణించవచ్చు. నమూనాలతో పోల్చి చూడగా, సూర్యుని ద్రవ్యరాశిలో 0.18 వంతు నికెల్, సాధారణం కంటే చాలా తక్కువ పేలుడు శక్తి సరిపోయాయని 2008లో ప్రకటించారు. మామూలు పేలుడులో ఆ నికెల్ 0.6 వంతు వరకు ఉంటుంది. తడిసిన చిచ్చుబుడ్డి వలె ఆ నక్షత్రం పూర్తిగా కాలలేదన్నమాట. కొంతభాగం చెదరక మిగిలి ఉండవచ్చునని తరువాతి నమూనాలు సూచించాయి.