పంపు మార్చే ముందు ట్యాంకులోకి చూడండి

జంగారెడ్డిగూడెం షెడ్లలో పని నేర్చుకుంటున్న అబ్బాయిల కోసం, వాళ్ల దగ్గరికి బండి తెచ్చుకునే వాళ్ల కోసం ఈ పాఠాలు రాస్తున్నాను. 2006లోనే ఇంజెక్షన్‌తో హీరో హోండా గ్లామర్ ఎఫ్.ఐ. వచ్చినా, మన మెట్టలో చాలాకాలం కార్బొరేటర్ బళ్లదే రాజ్యం. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నియమాలు అమల్లోకి వచ్చాక కొత్త బళ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్ బళ్లయ్యాయి. ట్యాంకులో పెట్రోలు పంపు అందరికీ వచ్చిపడింది. ఇప్పుడు బండి ఆగిందంటే చాలు, “పంపు పోయింది” అని తేల్చేసి వేల రూపాయల సరుకు మార్చేస్తున్నారు. మార్చిన పంపుల్లో చాలావాటికి జబ్బే లేదు. జబ్బు పెట్రోల్లోనో, నీళ్లలోనో, కరెంటులోనో ఉంటుంది. అది తీయకపోతే కొత్త పంపు కూడా పాతదాని దారే పడుతుంది.

1. పంపుకి పెట్రోలే చలవ.

కార్బొరేటర్ బండిలో పెట్రోలు తన బరువుకి తనే కిందికి దిగేది. ఇంజెక్షన్ బండికి అది చాలదు. చాలా బళ్లలో పంపు సుమారు 43 పీఎస్ఐ ప్రెషరుతో పెట్రోలును ఇంజెక్టరు దాకా తోస్తుంది. వెనక టైరులో పెట్టే గాలి కన్నా ఎక్కువ అది. ఆ తోసే మోటారు పెట్రోల్లో మునిగే ఉంటుంది, ఆ పెట్రోలే దాని వేడిని లాక్కుంటుంది. మన మెట్ట రైతుకి ఇది వేరే చెప్పక్కర్లేదు: బోరులో నీళ్లు దిగిపోయాక కూడా సబ్‌మెర్సిబుల్ మోటారు ఆడిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు.

రిజర్వులో పడ్డాక ఇంకా ఇరవై కిలోమీటర్లు లాగడం, ఆగిపోతే బండిని పక్కకి వంచి అడుగు చుక్కలు ఇటు తెచ్చుకుని మళ్లీ సెల్ఫు కొట్టడం పాత అలవాట్లు. ఇంజెక్షన్ బండికి ఇవి పనికిరావు. పెట్రోలు తగ్గేకొద్దీ మిగిలిన కాస్తా వేడెక్కుతుంది, పంపు గాలి పీలుస్తుంది. మే నెల ఎండలో చింతలపూడి రోడ్డు మీద నడిచే బండికి ట్యాంకులో పావు వంతుకన్నా తగ్గనివ్వొద్దని నేను అందరికీ చెబుతాను. వంద రూపాయలు కొట్టించుకుని వెళ్లే కూలీకి ఈ మాట కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు. పంపు ఖరీదు ఎంతో చెబితే అతనే ఆలోచించుకుంటాడు.

2. తాళం తిప్పి, సెల్ఫు కొట్టకుండా ఆగండి.

కిల్ స్విచ్ ఆన్‌లో ఉంచి తాళం తిప్పితే ట్యాంకులోంచి రెండు మూడు సెకన్లు సన్నగా ‘జుయ్’ మని వినిపించాలి. పంపు ప్రెషరు కట్టే చప్పుడు అది. మీ బండి బాగున్న రోజున ఆ చప్పుడు ఎలా ఉంటుందో గుర్తు పెట్టుకోండి. పూర్తిగా వినపడకపోతే ముందు కరెంటు చూడాలి. గరగరమన్నా, మామూలు కన్నా కీచుగా ఉన్నా ముందు ట్యాంకు చూడాలి. చప్పుడు బాగుండి బండి ఎత్తుల్లో నీరసపడుతుంటే గేజీ పెట్టి ప్రెషరు కొలవాలి. గేజీ లేని షెడ్డులో పంపు మార్చే నిర్ణయం తీసుకోవద్దు.

3. బ్యాటరీ నీరసిస్తే పంపూ నీరసిస్తుంది.

పాత బండి బ్యాటరీ చచ్చినా కిక్కు కొడితే లేచేది. ఇప్పుడు లైటు వెలుగుతోంది కదా, హారన్ మోగుతోంది కదా అని బ్యాటరీని వదిలేయకండి. మీటరు పెట్టండి. నిండుగా ఉన్న బ్యాటరీ, బండి ఆపి ఉన్నప్పుడు 12.5 వోల్టుల పైన చూపిస్తుంది. ఆ తర్వాత ఫ్యూజు, రిలే, పంపు కనెక్టరు. పొగాకు బేరన్ల దగ్గర, పామాయిల్ తోటల షెడ్లలో రాత్రంతా ఉండే బళ్లకి ఎలుకలు వైర్లు కొరికేస్తాయి. కనెక్టరులో పచ్చగా చిలుము పట్టి ఉంటే శుభ్రం చేసి బిగించండి. చాలా బళ్లు ఇక్కడే లేచి కూర్చుంటాయి.

4. నీళ్లు.

ఈ పాఠం పెద్దది. మన ఏలూరు జిల్లాలో నీళ్లు లేని చోటు లేదు. పైన ఎర్రకాలువ, జల్లేరు, ఏలూరు పక్కన తమ్మిలేరు, కింద కొల్లేరు. వానాకాలంలో కైకలూరు, మండవల్లి వైపు చేపల చెరువుల గట్ల మీద బండి నడిపే వాళ్లు మోకాలి లోతు నీళ్లలోంచి వస్తారు. 2024 వరదల్లో రోజుల తరబడి నీళ్లలో నిలిచిన బళ్లని తాళం తిప్పకుండా తోసుకొచ్చిన వాళ్లు అదృష్టవంతులు. మునిగిన బండికి ముందు బ్యాటరీ వైరు తీసేసి, ట్యాంకు పూర్తిగా వంపేసి, ఆ తర్వాతే మిగతా పని.

వరద లేకపోయినా నీళ్లు చేరతాయి. ట్యాంకు మూత చుట్టూ చిన్న గాడి ఉంటుంది, అందులో వాన నీరు కిందికి పోవడానికి సన్నని కన్నం ఉంటుంది. మన ఎర్రమట్టి దుమ్ము ఆ కన్నాన్ని మూసేస్తుంది. వానకి గాడిలో నీళ్లు నిలుస్తాయి. బంకులో మూత తీయగానే అవి నేరుగా ట్యాంకులోకి జారతాయి. సన్నని తీగతో ఆ కన్నాన్ని పొడవడం నిమిషం పని. వాటర్ సర్వీసింగులో కూడా గన్ను మూత మీద పెట్టనివ్వకండి.

నీళ్లు చేరకుండా చూడడం ఇప్పుడు ఇంకా ముఖ్యం. పెట్రోల్లో కలిపే ఇథనాలు 2022లో పది శాతానికి చేరింది, 2025కి ఇరవై శాతానికి వచ్చింది. ఇథనాలు నీటిని కలుపుకుంటుంది. కొద్దిపాటి తేమ పెట్రోలుతో పాటే కాలిపోతుంది. మోతాదు దాటితే మాత్రం నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. పంపు నోరు ఉండేది కూడా ఆ అడుగునే. బండి లేవదు, ట్యాంకు లోపల తుప్పు మొదలవుతుంది, ఆ తుప్పు పొడి పంపు నోటి జాలీకి పడుతుంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లు ఇరవై శాతాన్ని తట్టుకునే సరుకుతో చేసినవి. అంతకన్నా పాత కొన్ని బళ్లలో వాడకం పెరిగాక రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని ప్రభుత్వమే చెప్పింది. కాబట్టి పాత బండి వచ్చినప్పుడు పెట్రోలు పైపు వేలితో నొక్కి చూడండి. మెత్తబడినా, పగుళ్లు తేలినా మార్చేయండి.

అనుమానం ఉంటే కాస్త పెట్రోలు గాజు సీసాలోకి తీసి నీడలో కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ఇక పంపు జోలికి వెళ్లక్కర్లేదు. ట్యాంకు కడగాలి.

5. సీసా పెట్రోలు.

బుట్టాయగూడెం దాటి ఏజెన్సీ ఊళ్లలోకి వెళ్తే బంకులు దూరం. కిరాణా కొట్ల ముందు సీసాల్లో పెట్రోలు అమ్ముతారు. ఆ సీసా అంతకుముందు దేనికి వాడారో, ఎన్నాళ్లు ఎండలో ఉందో ఎవరికీ తెలియదు. అవసరానికి పోయించుకునే వాళ్లని నేను తప్పు పట్టను. పలచటి తెల్లగుడ్డలో వడగట్టి పోయించుకోండి, దారిలో మొదటి బంకు రాగానే మంచి పెట్రోలు కలపండి. ఆ ఊళ్లకి రోజూ వెళ్లే ఏఎన్ఎమ్ ఉంది, టీచరు ఉంది. పొద్దువాలాక అడవి రోడ్డు మీద ఆమె బండి ఆగిపోవడం అంటే ఏమిటో షెడ్డులో కూర్చున్న మనం తలుచుకోవాలి. అలాంటి బండి వస్తే ముందు దాని పని చూడండి.

బంకులో అనుమానం వస్తే ఫిల్టర్ పేపరు అడగండి. అది ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది. ఒక చుక్క వేస్తే ఆరిపోయి మరక మిగలకూడదు.

6. జాలీ మారిస్తే సరిపోయే చోట జాలీయే మార్చండి.

పంపు నోటికి ఉండే జాలీ నల్లబడితే పెట్రోలు అందక పంపు ఆయాసపడుతుంది. కొన్ని బళ్లకి జాలీ విడిగా దొరుకుతుంది, కొన్నిటికి మొత్తం సెట్టే కొనాలి. కంపెనీ పుస్తకంలో చూసి చెప్పండి. జాలీని గాలి గన్నుతో ఊది మళ్లీ పెట్టొద్దు, కళ్లు సాగిపోతాయి. తుప్పు పట్టిన ట్యాంకులో కొత్త జాలీ వేయడం మాత్రం డబ్బు పారేయడమే.

7. విప్పేటప్పుడు.

పైపులో ప్రెషరు ఉంటుంది. ముందు పంపు కనెక్టరు పీకి, ఇంజను తనంతట తను ఆగేదాకా ఆడించండి. తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీయండి. పైపు కింద గుడ్డ పెట్టి మెల్లగా లాగండి. బీడీ, వెల్డింగు, పక్క కొట్లో టీ పొయ్యి, ఏదీ దగ్గర ఉండకూడదు. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

పంపు అంచు కింద నుంచి తీసిన ఓ-రింగు పెట్రోలుకి ఉబ్బి ఉంటుంది, గాడిలో సరిగా కూర్చోదు. కొత్తది వేయండి. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. ఒక్కొక్కటీ ఒకేసారి పూర్తిగా బిగిస్తే అంచు వంకరపోయి పెట్రోలు ఊరుతుంది, ఆ ఊరే చోటు ఇంజనుకి పైనే ఉంటుంది. పంపును బల్ల మీద పెట్టి నేరుగా బ్యాటరీ ఇచ్చి తిప్పి చూపించే అలవాటు మానేయండి. పొడిగా తిరిగితే లోపల అరిగిపోతుంది, నిప్పురవ్వ వస్తే అంతకన్నా ప్రమాదం.

8. నెలల తరబడి నిలిపే బండి.

గల్ఫుకో, హైదరాబాదుకో వెళ్తూ బండి వదిలేసే వాళ్లు ట్యాంకు నిండా కొట్టించి, ఇంట్లో వాళ్లతో వారానికోసారి పది నిమిషాలు తిప్పించాలి. సగం ఖాళీ ట్యాంకులో తేమ చేరుతుంది.

9. పాత సరుకు బండి యజమానికి చూపించండి.

నల్లబడిన జాలీ, విడిపోయిన నీళ్ల సీసా, గేజీ మీద అంకె, ఏది దొరికితే అది అతని ముందు పెట్టండి. పంపు నిజంగానే పోయి ఉంటే పాతది అతని చేతికే ఇవ్వండి. కొత్తది వేశాక ట్యాంకులో కనీసం రెండు లీటర్లు పోయించి, తాళం మూడు నాలుగు సార్లు తిప్పి ప్రెషరు కట్టనిచ్చి, అప్పుడు సెల్ఫు కొట్టండి. తర్వాత ఓ-రింగు చుట్టూ పొడి వేలితో తడిమి చూసి బండి అప్పగించండి.